డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లో చేరితే ఆ నాలుగైదేళ్ళు ఎలా గడుస్తాయి

ఇంగ్లండ్ మధ్యభాగం మిడ్‌లాండ్స్‌లో ఉంటున్న ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళమ్మాయి ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటిది) చివరి ఏడాదిలో ఉంది, మ్యాథ్స్, ఫిజిక్స్, డిజైన్ చదువుతోంది. ఒక పెద్ద తయారీ సంస్థలో మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరింగ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ (జీతం తీసుకుని పనిచేస్తూనే యూనివర్సిటీ డిగ్రీ చదివే పద్ధతి) ఆఫర్ వచ్చింది. యూనివర్సిటీలో మెకానికల్ సీటూ చేతిలో ఉంది. పిల్ల అప్రెంటిస్‌షిప్ వైపే మొగ్గుతోంది. గుంటూరులో బంధువులు మాత్రం "ఇంగ్లండ్ దాకా వెళ్ళి పిల్లని ఫ్యాక్టరీ పనికి పంపిస్తారా" అంటున్నారట. ఆ డిగ్రీకి విలువ ఉంటుందా, అక్కడ నిజంగా ఏం చేయిస్తారు అన్నది ఆవిడ సందేహం.

అమ్మా, మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. రెండోదానికి మాత్రం కొంచెం ఓపిగ్గా చదవాలి.

ముందు నేనెవరో చెప్తాను. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను, ఇంగ్లండ్ వచ్చి 2006 నుంచి ఇక్కడి కర్మాగారాల్లోనే పనిచేస్తున్నాను. 2016 నుంచి మా ప్లాంటులో డిగ్రీ అప్రెంటిస్‌లకు మెంటర్‌ని. మా పెద్దబ్బాయి కూడా 2018లో వేరే సంస్థలో ఇదే దారిలో చేరి 2023లో పట్టా తీసుకున్నాడు. అంటే ఈ వ్యవహారాన్ని పగలు షాప్ ఫ్లోర్ (ప్లాంటులో మెషీన్లుండే చోటు) మీదా, రాత్రి మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గరా రెండు వైపులా చూశాను.

డిగ్రీ విషయం. అది పూర్తి డిగ్రీ. బ్యాచిలర్ ఆఫ్ ఇంజనీరింగ్ ఆనర్స్ అయితే పట్టా మీద అదే ఉంటుంది, యూనివర్సిటీ ఇస్తుంది, తోటి విద్యార్థులు వేసుకునే గౌనే వేసుకుని అదే వేదిక ఎక్కుతారు. కాకపోతే ఆఫర్ లెటర్‌లో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, కింద రాస్తాను.

మీ బంధువుల మాట నాకు కొత్తగా అనిపించలేదు. మన చెవికి అప్రెంటిస్ అనగానే ఆర్టీసీ గ్యారేజీలో నూనె మరకల చొక్కాతో స్పానర్లు అందించే కుర్రాడు గుర్తొస్తాడు. మన దగ్గర 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. మొదట ఐటీఐ ట్రేడుల కోసమే. 1973 సవరణతో డిగ్రీ, డిప్లొమా వాళ్ళనీ చేర్చారు. చదువు అయిపోయాక ఒక ఏడాది కర్మాగారంలో ఉండటం, స్టైపెండ్ తీసుకోవడం, సర్టిఫికెట్ పుచ్చుకుని బయటికి రావడం, ఇదే మనకి తెలిసిన అప్రెంటిస్‌షిప్. నేనూ డిప్లొమా తర్వాత హైదరాబాద్ శివార్లలో ఒక కర్మాగారంలో అలా ఏడాది చేశాను. ఆ ఏడాదిలో ఏడు నెలలు నన్ను స్టోర్స్‌లో కూర్చోబెట్టి బేరింగులు లెక్కపెట్టించారు. ఎదురుగా గోడ అవతల బోరింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు వినపడేది. దాని దగ్గరికి వెళ్ళి నేర్చుకుంటానని అడిగితే "నీ ఏడాది అయిపోతుందిలే, ఎందుకు తొందర" అనేవారు. ఆ బాధ నాకిప్పటికీ పోలేదు. ఇక్కడ మెంటర్‌గా ఉండమని అడగ్గానే ఒప్పుకోవడానికి కారణం అదే.

ఇంగ్లండ్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అలాంటిది కాదు. 2015లో మొదలైంది. మొదటి రోజు నుంచే పిల్ల ఆ సంస్థ ఉద్యోగి. కాంట్రాక్టు, జీతం, పెన్షన్ అన్నీ ఉంటాయి. చదువు ఆ ఉద్యోగంలో భాగం, ఫీజు పిల్ల దగ్గర ఒక్క పౌను తీసుకోకూడదు. 2017 ఏప్రిల్ నుంచి ఏడాదికి జీతాల బిల్లు 30 లక్షల పౌన్లు దాటే యజమానులందరూ దాని మీద అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ కట్టాలి. శిక్షణకి వాడుకోకపోతే ఆ డబ్బు చేజారిపోతుంది. పెద్ద కర్మాగారాలు ఇంత శ్రద్ధగా పిల్లల్ని తీసుకోవడానికి అదొక కారణం. మరో కారణం నేను రోజూ చూస్తున్నదే. మా ప్లాంటులో ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య కాగితం మీద లేదు. దాన్ని పక్కన నిలబడి అందుకోవడానికి ఎవరో ఒకరు కావాలి.

ఇక ఏం చేయిస్తారో చెప్తాను.

చాలా సంస్థల్లో మొదటి ఏడాది ఎక్కువ భాగం ట్రైనింగ్ సెంటర్‌లోనే. లేత్, మిల్లింగ్, వెల్డింగ్, ఎలక్ట్రికల్ వైరింగ్, న్యూమాటిక్స్ (గాలి ఒత్తిడితో నడిచే పరికరాలు), పీఎల్‌సీ (మెషీన్లని నడిపించే చిన్న కంప్యూటర్), అన్నిటికంటే ముందు బెంచ్ దగ్గర ఆకురాయి. మీ అమ్మాయికి ఓ ఇనుప దిమ్మ ఇస్తారు, అన్ని వైపులా చదును చేసి, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలకి తెమ్మంటారు. ఏ లెవెల్ మ్యాథ్స్‌లో ఏ స్టార్ తెచ్చుకున్న పిల్లలు మొదటి మూడు రోజుల్లో బిక్కమొహం వేసేది ఇక్కడే.

మా అబ్బాయి దాని గురించి చెప్పింది నాకు బాగా గుర్తు. మూలమట్టాన్ని దిమ్మకి ఆనించి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకోవాలి. మధ్యలోంచి సన్నటి వెలుగు గీత కనపడితే అక్కడ ఇంకా పల్లం ఉన్నట్టు. ఒక మూల అరగదీస్తే వెలుగు ఇంకో మూలకి పోతుంది. ఆ మూల సరిచేస్తే మళ్ళీ మొదటిచోటికి వస్తుంది. వాళ్ళ ఇన్‌స్ట్రక్టర్ పాతకాలపు టూల్‌మేకర్. జాబ్ తీసుకుని, వెలుగుకి పట్టి, మాట్లాడకుండా తిరిగి చేతిలో పెట్టేవాడట. మూడోరోజు సాయంత్రం మావాడు అరచేతుల్లో బొబ్బలతో ఇంటికొచ్చి "నాన్నా, ఇది నాకు డిగ్రీలో ఎక్కడ పనికొస్తుంది" అన్నాడు. వాళ్ళమ్మ ఆ చేతులకి వెన్న రాస్తూ నా వైపు చూసిన చూపు కూడా గుర్తే.

నాలుగేళ్ళ తర్వాత వాడే డ్రాయింగ్ మీద టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా వరకు ఫర్వాలేదో, రాసే పనిలో ఉన్నాడు. పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని రాయబోయి ఆగి, కింద మెషీన్ నడిపే ఆయన దగ్గరికి వెళ్ళి అడిగొచ్చాడు. నిజంగా అక్కడ అంత బిగుతు అక్కర్లేదని తేలింది. ఆ దిమ్మ అరగదీసిన పిల్లలకి సున్నా పాయింట్ సున్నా ఒకటి మిల్లీమీటరు అంటే కాగితం మీద అంకె కాదు, ఎవరో ఒక మనిషి మోయాల్సిన బరువు. యూనివర్సిటీ నుంచి సూటిగా వచ్చిన మంచి ఇంజనీర్లకి కూడా ఈ స్పృహ రావడానికి కొన్నేళ్ళు పట్టడం నేను చూశాను.

ఒక చిన్న విషయం, మన ఇళ్ళకి సంబంధించింది. తిరిగే మెషీన్ల దగ్గర ఉంగరాలు, గాజులు, గొలుసులు ఉండకూడదు, జుట్టు ముడేసి టోపీలోకి తోసేయాలి. వరలక్ష్మీ వ్రతం తోరమైనా, కాశీదారమైనా సరే. మా దగ్గర ఒక గుజరాతీ కుర్రాడు మణికట్టు రాఖీ తీయనని పట్టుబట్టాడు. నేను వాణ్ణి డ్రిల్లింగ్ మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళి, తిరుగుతున్న బిట్‌కి ఒక నూలు పోగు తగిలించి చూపించాను. రెప్పపాటులో చుట్టేసుకుంది. తర్వాత వాడే రాఖీ విప్పి, లాకర్‌లో చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మీ అమ్మాయికి ముందే చెప్పండి, దేవుడికి కోపం రాదు.

రెండో ఏడాది నుంచి ప్లాంటులోకి దించుతారు. మూడు నుంచి ఆరు నెలలకొక విభాగం. క్వాలిటీ, మెయింటెనెన్స్, ప్రొడక్షన్, ప్రాసెస్ ఇంజనీరింగ్, కొనుగోళ్ళు, డిజైన్. కొన్నిచోట్ల షిఫ్టులు కూడా ఉంటాయి. పొద్దున్న ఆరింటి షిఫ్టంటే నాలుగున్నరకి లేవాలి, జనవరిలో కారు అద్దం మీద మంచు గీకి బయల్దేరాలి. మెయింటెనెన్స్‌లో ఉన్న రోజులు పిల్లలకి కష్టమనిపిస్తుంది, కానీ నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది అదే. మెషీన్ ఆగిపోయినప్పుడు దాని లోపల ఏముందో విప్పి చూపించే అవకాశం మరే విభాగమూ ఇవ్వదు.

అసలు ఈ చదువులో ఏముందో ఒక్క సంఘటన చెప్తే మీకు అర్థమవుతుంది. మా దగ్గర మూడో ఏడాదిలో ఉన్న ఒక అమ్మాయిని క్వాలిటీలో వేశాం. అక్కడ అల్యూమినియం హౌసింగులు (లోపలి భాగాల్ని పట్టి ఉంచే గూళ్ళు) మెషీన్ అయ్యాక వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళతో కడుగుతారు, తర్వాత మధ్యలో ఉన్న బోర్ (గుండ్రటి రంధ్రం) కొలుస్తారు. 120 మిల్లీమీటర్ల బోర్, టాలరెన్స్ మొత్తం 35 మైక్రాన్లు. కొన్ని వారాలుగా సైజు నిలకడగా ఉండట్లేదు. కొలిస్తే పెద్దగా వస్తోంది, సెట్టర్ (మెషీన్ని సర్దేవాడు) ఆఫ్‌సెట్, అంటే టూల్ ఎంత కోయాలో చెప్పే సర్దుబాటు, తగ్గిస్తాడు, ఆ బ్యాచ్ అసెంబ్లీకి వెళ్ళాక చిన్నదని తిరిగొస్తుంది. ఇంజనీర్లం టూల్ అరుగుదల అనుకున్నాం, స్పిండిల్ బేరింగ్ అనుకున్నాం.

ఈ పిల్ల రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా కొలిచేచోట నిలబడింది. రాత్రి షిఫ్టులో పెద్దాయన ఒకడు వాషర్ నుంచి వచ్చిన పార్టుల్ని వెంటనే కొలవట్లేదని గమనించింది. పక్కన రాక్‌లో పెట్టి, టీ తాగొచ్చి, అప్పుడు కొలుస్తున్నాడు. ఎందుకని అడిగితే "వెచ్చగా ఉన్నప్పుడు అబద్ధం చెప్తాయి" అన్నాడు. ఆయనకి ఆ విషయం పదేళ్ళుగా తెలుసు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. పగటి షిఫ్టు వాళ్ళు టార్గెట్ తొందరలో వేడి మీదే కొలుస్తున్నారు.

తను ఒక థర్మామీటర్ పట్టుకొచ్చింది. వాషర్ నుంచి వచ్చిన పార్టు 35 డిగ్రీలు. కొలతలకి ప్రామాణికంగా తీసుకునే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. అల్యూమినియం డిగ్రీకి మీటరుకి సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 120 మిల్లీమీటర్లకి, 15 డిగ్రీలకి లెక్కేస్తే 41 మైక్రాన్లు. అంటే టాలరెన్స్ మొత్తం కంటే ఎక్కువ తేడా వేడిలోనే ఉంది. మంచి పార్టుని పెద్దదని తిరస్కరిస్తున్నాం, ఆ కొలత నమ్మి ఆఫ్‌సెట్ మార్చి మంచి మెషీన్‌ని మేమే పాడుచేస్తున్నాం.

ఈ సూత్రం మీ అమ్మాయికి ఇప్పుడే తెలిసి ఉంటుంది, బడిలో చెప్పేదే. మా ఇంజనీర్లలో అది తెలియనివాళ్ళూ లేరు. కానీ రాత్రి షిఫ్టు పెద్దాయన మాట విని, దాన్ని ఆ సూత్రంతో ముడిపెట్టింది ఇరవై ఏళ్ళ పిల్ల. ఆమె రిపోర్టులో ఆయన పేరు కూడా రాసింది. దాని మీద చల్లారబెట్టే కన్వేయర్ పెట్టించాం. ఈ చదువు ఎందుకు మంచిదని ఎవరడిగినా నేను చెప్పేది ఈ పిల్ల గురించే. తెలివి ఉండటం ఒకటి, తెలియదని ఒప్పుకుని అడగగలగడం మరొకటి. ఈ నాలుగైదేళ్ళు ఆ రెండోదాని మీదే నడుస్తాయి. మీ అమ్మాయి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ ముందు "నాకు తెలీదు, చూపిస్తారా" అని నవ్వుతూ అనగలిగితే నిశ్చింతగా పంపండి. ఎప్పుడూ క్లాసులో ఫస్టు రావడం అలవాటై, తప్పు చేస్తే లోపల కుమిలిపోయే స్వభావమైతే మొదటి రెండేళ్ళు చాలా కష్టపడుతుంది, మీరు పక్కన ఉండాలి.

చదువు ఎలా సాగుతుందంటే, కొన్ని యూనివర్సిటీలు వారానికి ఒకరోజు పిలుస్తాయి, దాన్ని డే రిలీజ్ అంటారు. కొన్ని నెలల తరబడి పని చేయించి, ఒక్కసారిగా వారం రెండువారాలు క్లాసులు పెడతాయి, అది బ్లాక్ రిలీజ్. పరిశ్రమ పక్కనే కట్టిన చోట్లు కూడా ఉన్నాయి. షెఫీల్డ్ యూనివర్సిటీ 2001లో బోయింగ్‌తో కలిసి మొదలుపెట్టిన ఏఎంఆర్‌సీ అనే తయారీ పరిశోధన కేంద్రం కింద అప్రెంటిస్‌ల కోసం ప్రత్యేకంగా ట్రైనింగ్ సెంటర్ నడుస్తోంది. కోవెంట్రీ యూనివర్సిటీ యూనిపార్ట్ సంస్థతో కలిసి కర్మాగారం ఆవరణలోనే ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. డైసన్ అయితే 2017లో మామ్స్‌బరీలో 33 మంది పిల్లలతో సొంత ఇన్‌స్టిట్యూటే తెరిచింది. ఒక్కోచోటి పద్ధతి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీకొచ్చిన ఆఫర్‌లో ఏదో అడిగి తెలుసుకోండి.

ఇందులో ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. మొదటి ఏడాది చేతిపనిలో మునిగిపోయి పిల్లలు లెక్కలు మర్చిపోతారు. రెండో ఏడాదిలో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, లాప్లాస్ వచ్చేసరికి ఏ లెవెల్స్‌లో ఉన్న పదును పోయి ఉంటుంది. పక్కన పూర్తికాలం విద్యార్థులకి వారమంతా ట్యుటోరియల్స్ ఉంటాయి, వీళ్ళకి ఆ ఒక్కరోజే. మావాడు రెండో ఏడాది మ్యాథ్స్ తప్పాడు. జీవితంలో మొదటిసారి తప్పడం. రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వేసవిలో మళ్ళీ రాసి గట్టెక్కాడు. అప్పట్నుంచి మా దగ్గర చేరే ప్రతి పిల్లకీ చెప్తున్నాను, మొదటి ఏడాది వారానికి రెండు గంటలు లెక్కల పుస్తకం తెరిచి ఉంచమని. ఎవరూ అడగరు, పరీక్షా ఉండదు, అయినా చేయాలి.

ఇంకోటి పోర్ట్‌ఫోలియో. డిగ్రీ ఒక్కటే కాదు, అప్రెంటిస్‌షిప్ విడిగా పూర్తి కావాలి. ఏ పని ఎప్పుడు చేశారు, ఏ నైపుణ్యం నేర్చుకున్నారు, సాక్ష్యం ఏమిటి, అన్నీ రాసుకుంటూ పోవాలి. వాటి ఆధారంగా ఆఖర్న ఎండ్ పాయింట్ అసెస్‌మెంట్ ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టు, నిపుణులతో ముఖాముఖి లాంటివి. శుక్రవారం సాయంత్రం అరగంట కూర్చుని రాసేవాళ్ళకి అది నల్లేరు మీద నడక. వాయిదా వేసినవాళ్ళు నాలుగో ఏడాదిలో, రెండేళ్ళ కిందట ఆ ఫిక్స్చర్ (పార్టుని బిగించి పట్టుకునే అమరిక) ఎందుకు మార్చామో గుర్తురాక తలపట్టుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

కష్టాల్లో పెద్దది కాలం. యూనివర్సిటీ పిల్లలకి వేసవిలో మూడు నెలల సెలవులు. మీ అమ్మాయికి ఉద్యోగి సెలవులే. చట్టప్రకారం బ్యాంకు సెలవులతో (ఇక్కడి ప్రభుత్వ సెలవుదినాలు) కలిపి 28 రోజులు కనీసం, మంచి సంస్థలు కొంచెం ఎక్కువిస్తాయి. వాటిలో కొన్ని ప్లాంటు మూసేసే వారాలకే పోతాయి. ఇంటికెళ్ళి నెలరోజులు అమ్మమ్మ దగ్గర ఉండే వేసవులు ఇక ఉండవు. మా అక్క కూతురి పెళ్ళికి మావాడు రాలేకపోయాడు, ఆ వారంలో పరీక్ష ఉంది, మిగిలిన సెలవులు రెండే. వీడియోలో చూశాడు. ఆ రోజు వాడి మొహం చూసి నాకు బాధేసింది. ఇది ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి.

రెండోది ఒంటరితనం. స్నేహితులందరూ హాస్టళ్ళలో, ఫ్రెషర్స్ వారాల్లో ఉంటారు. ఈ పిల్ల ఏదో ఊళ్ళో అద్దెగదిలో, రేపు ఆరింటి షిఫ్టు కోసం తొమ్మిదింటికే పడుకుంటుంది. ఒకే ఏడాది పదిమంది అప్రెంటిస్‌లు కలిసి చేరితే ఈ బాధ చాలా తగ్గుతుంది. ఎంతమంది చేరుతున్నారో, వాళ్ళెక్కడ ఉంటున్నారో తప్పకుండా కనుక్కోండి. ముగ్గురు నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే వంటా చదువూ రెండూ సాగుతాయి.

ఆడపిల్ల కాబట్టి అడుగుతారని నాకు తెలుసు. షాప్ ఫ్లోర్ మీద ఇప్పటికీ మగవాళ్ళే ఎక్కువ. నేను చూసినంతలో పెద్దవాళ్ళు చాలామంది సొంత కూతురికి నేర్పినట్టే నేర్పుతారు. అలా లేనివాళ్ళూ ఒకరిద్దరు తగులుతారు. అప్పుడు ఎవరికి చెప్పాలో మొదటివారంలోనే తెలిసి ఉండాలి, చెప్తే వింటారన్న నమ్మకం ఉండాలి. ఇప్పుడు అక్కడ మూడో ఏడాదిలో ఉన్న ఒక అమ్మాయితో మాట్లాడించమని సంస్థని అడగండి. సేఫ్టీ బూట్లు, గ్లవ్స్ ఆడవాళ్ళ సైజుల్లో దొరుకుతాయా, టాయిలెట్ లైను నుంచి ఎంత దూరం, ఇలాంటివి ఆ అమ్మాయి రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. ఆ సంస్థ ఆడపిల్లల గురించి నిజంగా ఆలోచించిందా లేదా అనేది బ్రోషర్‌లో ఫొటో కంటే ఆ బూట్లే ఎక్కువ చెప్తాయి.

డబ్బు లెక్క. ఇంగ్లండ్‌లో 2025-26కి యూనివర్సిటీ ఫీజు ఏడాదికి 9,535 పౌన్లు. ఆ లెక్కన మూడేళ్ళకి ఫీజే 28,605, ఖర్చుల అప్పు దాని మీద అదనం. అప్రెంటిస్‌కి ఈ అప్పు లేదు, పైగా జీతం. చట్టం ప్రకారం అప్రెంటిస్ కనీస వేతనాన్ని 2025 ఏప్రిల్‌లో గంటకి 7.55 పౌన్లు చేశారు. పెద్ద తయారీ సంస్థలు సాధారణంగా అంతకంటే మెరుగ్గానే ఇస్తాయి, ఏటా పెంచుతాయి. అయినా డబ్బు కోసం ఈ దారి ఎంచుకోవద్దని చెప్తాను. ఇక్కడి స్టూడెంట్ లోన్ మన ఊళ్ళో బ్యాంకు అప్పులాంటిది కాదు. 2023 ఆగస్టు తర్వాత చేరినవాళ్ళు ఏడాదికి 25,000 పౌన్లు దాటిన సంపాదన మీదే 9 శాతం కడతారు, 40 ఏళ్ళకి మిగిలింది రద్దవుతుంది. పొలం తాకట్టు పెట్టినంత భయపడాల్సిన పనిలేదు. అప్పు భయంతో చేరిన పిల్లలు రెండో ఏడాదిలో చలికాలం వచ్చేసరికి డీలాపడటం చూశాను. వస్తువు ఎలా తయారవుతుందో చూడాలన్న ఆరాటంతో వచ్చినవాళ్ళు నిలబడ్డారు.

ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఇవి చూడండి. వచ్చేది పూర్తి ఆనర్స్ డిగ్రీయా, లేక ముందు ఫౌండేషన్ డిగ్రీ (పూర్తి డిగ్రీకి ముందుమెట్టు) ఇచ్చి మిగతా ఏళ్ళు ఫలితాలని బట్టి అంటున్నారా? రెండోదైతే ఆ మెట్టు ఎక్కడానికి ఎన్ని మార్కులు కావాలో రాతపూర్వకంగా అడగండి. ఆ డిగ్రీకి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ గానీ ఐఈటీ (ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీరింగ్ అండ్ టెక్నాలజీ) గానీ గుర్తింపు ఉందా? ఇది ముఖ్యం. రేపు చార్టర్డ్ ఇంజనీర్ (ఇక్కడ ఇంజనీర్లకిచ్చే పెద్ద వృత్తి గుర్తింపు) కావాలన్నా, వేరే దేశం వెళ్ళాలన్నా దీని మీదే ఆధారపడుతుంది. గుర్తింపు ఉన్న బ్యాచిలర్స్‌తో ఇన్‌కార్పొరేటెడ్ ఇంజనీర్ (చార్టర్డ్‌కి కిందిమెట్టు) దారి సులువు, చార్టర్డ్‌కి సాధారణంగా మాస్టర్స్ స్థాయి చదువు కలపాలి. దానికి కూడా సంస్థ సాయం చేస్తుందేమో కనుక్కోండి. మధ్యలో మానేస్తే ఏమైనా తిరిగి కట్టాలన్న షరతు ఉందా? ఆఖర్న ఉద్యోగం గ్యారంటీయా, ఖాళీలుంటేనా? ప్లాంటులో ఆర్డర్లు పడిపోతే అప్రెంటిస్‌ల సంగతేమిటి? 2020లో విమానాలు నేలమీద నిలిచిపోయినప్పుడు ఈ ప్రశ్న ఎంత పెద్దదో చాలా ఇళ్ళలో తెలిసొచ్చింది. ఇలాంటివి అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి, మంచి సంస్థ అడిగినందుకు సంతోషిస్తుంది.

ఎవరికి ఈ దారి సరిపడదో కూడా చెప్పాలి. ఏ ఇంజనీరింగ్ కావాలో ఇంకా తేల్చుకోనివాళ్ళకి, పరిశోధన వైపు మనసున్నవాళ్ళకి, గణితంలోనే లోతుకి వెళ్ళాలనుకునేవాళ్ళకి యూనివర్సిటీయే మంచిది. అప్రెంటిస్‌షిప్‌లో మధ్యలో బ్రాంచి మార్చుకోవడం చాలా కష్టం. ఒకే సంస్థ పద్ధతుల్లో ఐదేళ్ళు పెరిగితే అదే లోకం అనిపించే ప్రమాదం కూడా ఉంది. అందుకే మా పిల్లల్ని ఏడాదికొకసారైనా సరఫరాదారుల ప్లాంట్లకి తీసుకెళ్తుంటాను.

ఇది చదువుతున్న విజయవాడ, వరంగల్ పిల్లలకి ఒక మాట. దీనికోసం స్టూడెంట్ వీసా మీద ఇంగ్లండ్ వద్దామంటే కుదరదు. పనిచేసే హక్కు ఉండాలి, విదేశీయులకైతే చదువు కోసం కాకుండా ఇతర అనుమతి మీద మూడేళ్ళుగా ఇక్కడ నివాసం ఉండటం లాంటి షరతులున్నాయి. రక్షణరంగ సంస్థలైతే సెక్యూరిటీ క్లియరెన్స్ కూడా చూస్తాయి. ఎవరైనా కన్సల్టెంట్ సీటు ఇప్పిస్తానంటే నమ్మొద్దు. మన దేశంలో ఉన్న దారులు చూసుకోండి. డిప్లొమా చేసి కర్మాగారంలో చేరినవాళ్ళకి బిట్స్ పిలానీ 1979 నుంచి నడుపుతున్న ఉద్యోగుల చదువు ఉంది. యూజీసీ 2020లో అప్రెంటిస్‌షిప్ కలిపిన డిగ్రీలకి మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కి నెలకి 9,000, డిప్లొమా వాళ్ళకి 8,000 రూపాయలు కనీస స్టైపెండ్‌గా పెట్టారు. స్టైపెండ్ కంటే ముందు అక్కడ ఎవరు నేర్పుతారు, మెషీన్ ముట్టుకోనిస్తారా అని అడగండి. నేను అడగకుండానే చేరాను.

అమ్మా, మీకు చివరిగా ఒక పని చెప్తాను. జవాబు ఇచ్చేలోపు ప్లాంటు చూపించమని అడగండి, చాలాచోట్ల తల్లిదండ్రులనీ రానిస్తారు. మీరూ అమ్మాయితో వెళ్ళండి. సమావేశపు గదిలో స్లైడులు అయ్యాక లైను మీదికి తీసుకెళ్తారు. అక్కడ మీరు మెషీన్లు చూడకండి, మీ అమ్మాయినే చూడండి. చెవులకి రక్షణ పెట్టుకుని, ఆ చప్పుడులో, నూనె వాసనలో అది మెషీన్ నడిపే మనిషి దగ్గరికి నాలుగడుగులు ముందుకేసి ఏదో అడుగుతుందా, లేక మీ పక్కనే ఉండి గైడు చెప్పేదాకా ఆగుతుందా? చూసొచ్చాక ఇక్కడే రాయండి. ఆఫర్ లెటర్లో అర్థంకాని షరతులుంటే సంస్థ పేరు తీసేసి ఆ వాక్యాలు పెట్టండి, ఒక్కొక్కటీ చూసి చెప్తాను.